పాపకి జ్వరం తగ్గిపోయింది, గొంతు ఇన్ఫెక్షన్ మందు పది రోజులూ వేయాల్సిందేనా?

వంశధార_అమ్మ (గుణుపురం)

అందరికీ నమస్తే. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా పాపకి ఏడేళ్లు, బరువు 20 కిలోలు. శనివారం సాయంత్రం వరకు బాగానే ఆడుకుంది. రాత్రికి ఉన్నట్టుండి జ్వరం 102 దాటింది. గొంతు నొప్పని ఒకటే ఏడుపు, ఉమ్మి మింగాలన్నా భయపడింది. ఒకసారి వాంతి అయింది, కడుపులో నొప్పి అని కూడా అంది. దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. టార్చి వేసి చూస్తే టాన్సిల్స్ రెండూ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, వాటి మీద తెల్లటి మచ్చలు. దవడ కింద రెండు వైపులా బిళ్లలు కట్టాయి, చెయ్యి వేయనివ్వలేదు.

సోమవారం పిల్లల డాక్టరు గారికి చూపించాం. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అని చెప్పి అమాక్సిసిలిన్ సిరప్ రాశారు. 5 ఎంఎల్‌లో 250 ఎంజీ ఉండే సిరప్ అది. పూటకి 10 ఎంఎల్ చొప్పున రోజుకి రెండుసార్లు, పది రోజులు. జ్వరానికి పారాసిటమాల్.

ఇవాళ గురువారం. జ్వరం మంగళవారం రాత్రి నుంచి లేదు. ఇడ్లీ తింటోంది, తమ్ముడితో గొడవ కూడా పడుతోంది. పొద్దున్న డోసుతో 60 ఎంఎల్ సీసా అయిపోయింది. ఇంకోటి కొందామని మెడికల్ షాపుకి వెళ్తే, "జ్వరం తగ్గిపోయింది కదమ్మా, ఇంకా ఎందుకు? కావాలంటే మూడు రోజుల అజిత్రోమైసిన్ ఇస్తాను, దాంతో పూర్తిగా పోతుంది" అన్నాడు. ఇంటికొస్తే మా అత్తగారు, "ఇన్ని యాంటీబయాటిక్‌లు పోస్తే పిల్ల కడుపు ఏమైపోతుంది? కరక్కాయ ముక్క బుగ్గన పెట్టు, మిరియాల పాలు ఇయ్యి" అంటున్నారు. ఆవిడ మాట నేను తీసెయ్యలేను, నేను డ్యూటీకి వెళ్తే పిల్లలిద్దర్నీ చూసుకునేది ఆవిడే. పాపకి మందు మొదలుపెట్టాక విరేచనం కొంచెం పల్చగా అవుతున్న మాట కూడా నిజమే.

ఇంకో రెండు సంగతులు. బాబుకి నాలుగేళ్లు. వాడికి నిన్నటి నుంచి ముక్కు కారుతోంది, దగ్గు, గొంతు గరగర. జ్వరం లేదు. అక్క మందే వాడికీ పోయొచ్చా? ఆదివారం పాతపట్నంలో మా ఆడపడుచు వాళ్లింట్లో పెళ్లి ఉంది. ఇల్లంతా చిన్నపిల్లలే ఉంటారు. పాపని తీసుకెళ్లొచ్చా? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి_రాము

అక్కా, నాకు ఏటా చలికాలంలో గొంతు పట్టేస్తుంది, జలుబు, దగ్గు అన్నీ వస్తాయి. అజిత్రో 500 రోజుకొకటి మూడు రోజులు వేసుకుంటా, నాలుగో రోజుకి మామూలైపోతా. పది రోజులంటే పాపం చిన్నపిల్లకి ఎక్కువేమో. షాపతను చెప్పింది కూడా ఆలోచించండి.

రాయగడ_సిస్టరమ్మ

చెల్లీ, నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, సర్వీసులో ఎక్కువ భాగం పిల్లల వార్డులోనే గడిచింది. మీ డాక్టరు గారు రాసింది సరైన మందు, సరైన మోతాదు, సరైన రోజులు. దయచేసి ఆపకండి. ఈ రాత్రి డోసు కూడా తప్పకూడదు, ఇవాళే మిగతా మందు తెచ్చుకోండి. ఎందుకో వివరంగా చెప్తాను, మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. పిల్లల్లో నాలుగో వంతో, అంతకి కొంచెం అటూఇటూగానో మాత్రమే స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తాయి. మీరు రాసిన గుర్తులు చూడండి: జ్వరం, దగ్గు లేకపోవడం, టాన్సిల్స్ మీద తెల్లమచ్చలు, మెడ ముందు వైపు నొప్పి పుట్టే బిళ్లలు. డాక్టర్లు మార్కులు వేసి లెక్క కట్టేది సరిగ్గా ఈ నాలుగింటినే. వయసు 3 నుంచి 14 మధ్య ఉంటే ఇంకో మార్కు కలుపుతారు. మీ పాపకి అయిదుకి అయిదూ వచ్చాయి. గొంతులో దూదిపుల్లతో తీసి కల్చర్ పెడితే ఒకటి రెండు రోజుల్లో ఖాయంగా తెలుస్తుంది. ఆ వీలు లేని చోట ఇలాంటి పిల్లకి మందు మొదలుపెట్టడమే మంచిది.

ఇక అసలు సంగతి. ఈ జ్వరం, ఈ నొప్పి మందు వేయకపోయినా మూడు నుంచి అయిదు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. యాంటీబయాటిక్ వేస్తే ఒక రోజు ముందు తగ్గుతాయి, అంతే. కాబట్టి జ్వరం పోయిందంటే క్రిమి పోయిందని చెప్పలేం. పది రోజులు వేయించేది పిల్ల గుండె కోసం. క్రిమి గొంతులో మిగిలిపోతే దాని మీద పోరాడటానికి ఒంట్లో తయారైన రక్షక కణాలు, యాంటీబాడీలు కొందరు పిల్లల్లో గుండె మీదికి, కీళ్ల మీదికి కూడా తిరగబడతాయి. ఆ క్రిమి పైనుండే ప్రొటీనుకీ మన గుండెలో ఉండే ప్రొటీనుకీ పోలిక ఉండటమే కారణం. గొంతు నొప్పి తగ్గిపోయి అందరూ మర్చిపోయిన రెండు మూడు వారాలకి మోకాలు వాస్తుంది, అది తగ్గేలోపు చీలమండ, ఆ తర్వాత మోచేయి. దీన్నే రుమాటిక్ ఫీవర్ అంటారు. కొందరికి చేతులు వాటంతటవే కదిలిపోతుంటాయి, చేతిరాత పాడైపోతుంది, గ్లాసు జారవిడుస్తారు. పిల్ల నిర్లక్ష్యంగా ఉందని ఇంట్లో, బడిలో కోప్పడతారు. కీళ్లు ఏ మచ్చా లేకుండా బాగైపోతాయి. గుండె కవాటాలు మాత్రం అందరికీ అలా బాగవవు.

అందరికీ వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అసలు వైద్యమే అందనివాళ్లలో కూడా నూటికి ముగ్గురికి మించి రాదు. కానీ వచ్చేది ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకే, ఇరుకు ఇళ్లలో నలుగురైదుగురు కలిసి పడుకునే చోటే ఎక్కువ. వార్డులో అలాంటి పిల్లల తల్లుల్ని అడిగేదాన్ని, ఈమధ్య గొంతు నొప్పి వచ్చిందా అని. "వచ్చింది సిస్టరమ్మా, రెండు రోజుల్లో తగ్గిపోయింది" అనేవాళ్లు. కొందరికి ఆ సంగతి గుర్తే ఉండేది కాదు. సరైన మందు వేస్తే ఈ జబ్బుని ఆపొచ్చని 1950లోనే అమెరికాలో ఒక సైనిక స్థావరంలో పెనిసిలిన్ ఇచ్చి తేల్చారు. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు మందు మొదలుపెట్టినా కాపాడుతుంది. మీరు రెండు రోజులకే మొదలుపెట్టారు, చాలా మంచి పని చేశారు.

ఇప్పుడు సీసా లెక్క. కోర్సులు సగంలో ఆగిపోవడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే. మీ పాప మోతాదుకి రోజుకి 20 ఎంఎల్ కావాలి. 60 ఎంఎల్ సీసా మూడు రోజులకే వస్తుంది. పది రోజులకి 200 ఎంఎల్, అంటే నాలుగు సీసాలు. షాపులో ఒక్కటే చేతిలో పెడతారు. సీసా అయిపోవడం, జ్వరం తగ్గడం దాదాపు ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఇంట్లో అందరూ కోర్సు పూర్తయిందనే అనుకుంటారు. సిరప్ పొడిలో నీళ్లు కలిపాక వారం దాటితే వాడకూడదు, కాబట్టి అన్ని సీసాలూ ఒకేసారి కలిపి ఉంచకండి. అయిపోయినప్పుడల్లా కొత్తది, కాచి చల్లార్చిన నీళ్లతో, గీత వరకు.

నన్నడిగితే బిళ్లలకి మారడం సులువు. ఇదే అమాక్సిసిలిన్ 250 ఎంజీ, నీళ్లలో కరిగే చిన్న బిళ్లలు దొరుకుతాయి. మీ పాపకి పూటకి రెండు. చెంచాడు నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. మీకు ఇంకా పద్నాలుగు డోసులు మిగిలాయి, అంటే 28 బిళ్లలు. డాక్టరు గారికి ఒక్క ఫోన్ చేసి, సిరప్‌కి బదులు బిళ్లలు ఇవ్వచ్చా అని అడిగి తీసుకోండి. డబ్బు ఇబ్బంది ఉంటే సర్కారు ఆసుపత్రిలో నిరామయ కౌంటర్‌లో కనుక్కోండి, అక్కడ ఇచ్చే మందులు ఉచితం.

రాము తమ్ముడూ, నువ్వు రాసినదానికి జవాబు. జలుబు, దగ్గుతో కలిసి వచ్చే గొంతు నొప్పి దాదాపు ఎప్పుడూ వైరస్సే. అది నాలుగో రోజుకి ఎలాగూ సర్దుకుంటుంది, అజిత్రో వల్ల అని మనకి అనిపిస్తుంది. ఈ స్ట్రెప్ క్రిమి ఎనభై ఏళ్ల నుంచి పెనిసిలిన్‌కి లొంగుతూనే ఉంది, అమాక్సిసిలిన్ కూడా ఆ కుటుంబానిదే. అజిత్రోమైసిన్‌కి లొంగని స్ట్రెప్ మాత్రం ఇప్పటికే ఉంది. పెనిసిలిన్ పడనివాళ్లకి డాక్టర్లు అజిత్రో రాస్తారు, అదీ బరువు లెక్కన, అయిదు రోజులు. పడిన మందుని మధ్యలో వదిలి దానికి మారడానికి ఏ కారణమూ లేదు.

చెల్లీ, పల్చటి విరేచనం అమాక్సిసిలిన్‌తో మామూలే. అన్నం తిన్నాక వేయండి, పెరుగన్నం పెట్టండి, నీళ్లు ఎక్కువ తాగించండి. దాని కోసం ఆపక్కర్లేదు. ఒంటి మీద దురదతో దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అత్తగారి మిరియాల పాలు మానొద్దు. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించే వయసే పాపకి, అదీ చేయించండి. తేనె ఏడాది దాటిన పిల్లలకి పెట్టొచ్చు. కరక్కాయ ముక్క మాత్రం నిద్రపోయేటప్పుడు బుగ్గన ఉంచొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. ఇవన్నీ నొప్పికి హాయినిస్తాయి, ఆవిడ ప్రేమగా చేస్తున్నారు, చేయనివ్వండి. మందు పని మందుదే.

బాబుకి ఆ సిరప్ వద్దే వద్దు. జ్వరం లేకుండా ముక్కు, దగ్గు అంటే జలుబే. యాంటీబయాటిక్ దానికి పని చేయదు, పైగా పాప కోర్సులో తరుగు పడుతుంది. వాడికి దగ్గు లేకుండా సడన్‌గా జ్వరం, గొంతు నొప్పి వస్తే అప్పుడు చూపించండి. అక్కాతమ్ముళ్లకి గ్లాసులు, తువ్వాళ్లు వేరుగా ఉంచండి.

పెళ్లికి నిశ్చింతగా వెళ్లండి. మందు మొదలై ఒక రోజు గడిచి, జ్వరం కూడా లేకపోతే ఇంకొకరికి అంటించే ప్రమాదం చాలా తగ్గిపోతుంది. బిళ్లలు మీ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకోండి, సూట్‌కేసులో కాదు. పెళ్లింట్లో రాత్రి డోసు మర్చిపోవడం చాలా తేలిక.

బరంపురం_శ్రీను

సిస్టరమ్మ గారూ, మీరు రాసింది చదివి మా అమ్మ గురించి చెప్పాలనిపించింది. అమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు కీళ్లు వాచి కొన్నాళ్లు మంచంలోనే ఉందట. ఎదిగే పిల్లల నొప్పులని నూనె రాసి కాపడం పెట్టారు, తగ్గిపోయింది. ఆ తర్వాత పెళ్లయి, నేను కడుపులో ఉన్నప్పుడు ఆయాసం మొదలైంది. రాత్రిళ్లు వెల్లకిలా పడుకోలేకపోయేది, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తే గుండెలో మైట్రల్ అనే కవాటం ఇరుకైపోయిందని తేలింది. కాన్పయ్యాక బెలూన్‌తో వెడల్పు చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లకి కవాటమే మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు రక్తం పల్చబడే మాత్ర రోజూ వేసుకోవాలి, మధ్యమధ్యలో రక్త పరీక్ష చేయించి మోతాదు సరిచూసుకోవాలి. తోటకూర ఒక వారం ఎక్కువ తిన్నా డాక్టరుకి చెప్పాలి.

కవాటం మార్చకముందు, జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా 21 రోజులకొకసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ వేయించేవాళ్లం. ఒక నర్సింగ్ హోంలో రియాక్షన్ వస్తుందని భయపడి వేయకుండా పంపేశారు. ఇంకో చోట దొరికే వరకు తిరిగాం. సిస్టరమ్మ గారూ, ఒక్క ఇంజెక్షన్‌తో గొంతు ఇన్ఫెక్షన్ పోతుందని విన్నాను, నిజమేనా? అలా అయితే పది రోజుల బాధ ఉండదు కదా.

రాయగడ_సిస్టరమ్మ

శ్రీనూ, అమ్మకి నా నమస్కారాలు చెప్పు. కడుపుతో ఉన్నప్పుడు రక్తం పరిమాణం పెరిగి గుండె మీద భారం పడుతుంది, అందుకే అప్పటిదాకా ఎవరూ కనిపెట్టని కవాటం జబ్బు చాలామంది ఆడవాళ్లకి ఆ నెలల్లోనే బయటపడుతుంది.

నువ్వు విన్నది నిజమే. బెంజథిన్ పెనిసిలిన్ ఒక్కసారి కండలోకి వేస్తే దాని ప్రభావం వారాలపాటు ఉంటుంది, పది రోజుల కోర్సుకి సమానం. 27 కిలోల లోపు పిల్లలకి ఆరు లక్షల యూనిట్లు, ఆపైన పన్నెండు లక్షలు. నొప్పి గట్టిగా ఉంటుంది, మందు చిక్కన కాబట్టి సూది మూసుకుపోకుండా లావుది వాడాలి, మెల్లగా ఎక్కించాలి. కొండల మీది ఊళ్ల నుంచి వచ్చి, మళ్లీ ఎప్పుడు వస్తారో తెలియని పిల్లలకి నేను డాక్టరుగారిని అడిగి ఇదే వేయించేదాన్ని. పది రోజులు బిళ్లలు మింగుతారన్న నమ్మకం లేని ఇంటికి ఇదే మంచిది. ప్రాణం మీదికి వచ్చే రియాక్షన్ అరుదు. కానీ వస్తే నిమిషాల్లో వస్తుంది కాబట్టి అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికందేలా ఉన్న చోటే వేయించుకోవాలి, వేసిన తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి. ఆ ఏర్పాటు ఉన్న చోట భయపడి వెనక్కి పంపకూడదు. అలా పంపడం వల్ల ఎందరికో వరుస తప్పిపోతుంది, జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఈ అమ్మాయి పాప మందు బాగానే తాగుతోంది కాబట్టి ఇంజెక్షన్ అవసరం లేదు.

కాశీపూర్_మాస్టారు

నేను కాశీపూర్ బ్లాక్‌లో బడిపంతుల్ని. గొంతు నొప్పి మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పాలి. 2024లో మా బ్లాక్‌లో డిఫ్తీరియా, అంటే కంఠసర్పి, వచ్చి పిల్లలు చనిపోయారు. పేపర్లలో మీరూ చూసే ఉంటారు. అదీ మొదట గొంతు నొప్పి, జ్వరంతోనే మొదలవుతుంది. తేడా ఏంటంటే గొంతులో తెల్లమచ్చలకి బదులు బూడిద రంగు పొర పట్టుకుంటుంది, గీకితే రక్తం వస్తుంది. మెడ మొత్తం వాచిపోతుంది, గొంతు బొంగురుపోతుంది, ఊపిరి ఆడదు. దానికి యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, విషాన్ని విరిచే యాంటీటాక్సిన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. కాబట్టి పొరలాంటిది కనిపిస్తే క్లినిక్కుల చుట్టూ తిరగకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. మీ పిల్లల టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. ఏడాదిన్నర ప్రాంతంలో వేసే డీపీటీ బూస్టర్ చాలామంది వేయిస్తారు, అయిదేళ్లు దాటాక వేసేది మర్చిపోతారు. పదేళ్లకీ పదహారేళ్లకీ టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) కూడా ఉంది. ఆశా దీదీని అడిగితే ఏ రోజు వేస్తారో చెప్తారు.

వంశధార_అమ్మ (గుణుపురం)

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే బిళ్లలకి సరేనన్నారు, 28 తెచ్చాను. రాత్రి డోసు వేసేశాను, చక్కెర కలపకుండానే తాగింది. సిస్టరమ్మ గారి జవాబు అత్తగారికి చదివి వినిపించాను. శ్రీను గారి అమ్మగారి సంగతి విన్నాక ఆవిడే "నువ్వు డ్యూటీలో ఉంటే నేను వేస్తాను, ఎన్ని గంటలకో గోడ మీద రాసి పెట్టు" అన్నారు. మాస్టారు చెప్పాక కార్డు తీసి చూశాం, పాపకి అయిదేళ్ల బూస్టర్ పడింది. బాబుకి ఇంకా టైముంది.

అత్తగారు ఒక సందేహం అడగమన్నారు. వాళ్ల తమ్ముడి మనవడికి గొంతు నొప్పి తర్వాత ఏఎస్ఓ అని రక్త పరీక్ష చేయిస్తే ఎక్కువ వచ్చిందట, ఏళ్ల తరబడి ఇంజెక్షన్లు వేయించాలని ఎవరో చెప్పారట. మా పాపకీ మందు అయ్యాక ఆ పరీక్ష చేయించాలా?

రాయగడ_సిస్టరమ్మ

మీ అత్తగారు అడిగింది చాలా మంచి ప్రశ్న. పాపకి ఆ పరీక్ష అక్కర్లేదు. ఏఎస్ఓ ఎక్కువ వచ్చిందంటే ఈమధ్య స్ట్రెప్ క్రిమి ఒంట్లోకి వచ్చి వెళ్లిందని మాత్రమే అర్థం. మీ పాపకి వచ్చిందని మనకి తెలుసు కాబట్టి పరీక్ష చేస్తే పెరిగే ఉంటుంది, నెలల పాటు అలాగే ఉండొచ్చు. ఆ అంకె చూసి మీరు అనవసరంగా బెంగ పెట్టుకుంటారు. కీళ్ల వాపు, గుండె లక్షణాలు ఏవీ లేకుండా ఒట్టి ఏఎస్ఓ అంకె మీద ఏళ్ల తరబడి ఇంజెక్షన్లు వేయకూడదు. ఆ అబ్బాయిని గుండె డాక్టరుకి చూపించి ఎకో తీయించమనండి. రుమాటిక్ ఫీవర్ నిజంగా వచ్చి ఉంటే మాత్రం ఇంజెక్షన్లు ఒక్కటి కూడా తప్పకూడదు. రాలేదని తేలితే పిల్లవాడికి ఆ సూదుల బాధ తప్పుతుంది.

పాప బాగుంటే కోర్సు అయ్యాక గొంతు పరీక్ష కూడా మళ్లీ అవసరం లేదు. ఈ కొద్ది రోజుల్లో నోరు తెరవలేకపోయినా, చొల్లు కారుతున్నా, గొంతు ఒక వైపే ఉబ్బి మాట ముద్దగా వస్తున్నా రాత్రయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, టాన్సిల్ పక్కన చీము పట్టి ఉండొచ్చు. ఒంటి మీద చెయ్యి వేస్తే గరుకుగా తగిలే ఎర్రటి దద్దు కనిపిస్తే డాక్టరు గారికి చెప్పండి, ఇదే క్రిమి వల్ల వచ్చేది అది. ఆ తర్వాత ఓ నెల పాటు పొద్దున్న లేవగానే ముఖం ఉబ్బినట్టుందా, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోందా గమనించండి. అది కిడ్నీల మీద ప్రభావం, మందు వేసినా అరుదుగా రావచ్చు, సమయానికి చూపిస్తే పిల్లల్లో ఎక్కువమందికి బాగైపోతుంది. కీళ్లు వాచినా, ఆడుకుంటే ఆయాసపడినా చూపించాలి, వెళ్లినప్పుడు ఫలానా తేదీన గొంతు ఇన్ఫెక్షన్ వచ్చిందని తప్పకుండా చెప్పండి. ఇప్పటి మందుల చీటీ అప్పటిదాకా పారేయకండి.

మాత్రలకి మధ్య పన్నెండు గంటల ఎడం ఉండేలా చూడమనండి అత్తగారిని. పొద్దున్న ఎనిమిది, రాత్రి ఎనిమిది అనుకోండి, బడికీ నిద్రకీ అడ్డం రాదు.